ట్రాన్స్‌ఫార్మరు ఆపినా ఆగని మోత

పుంగనూరులో మా వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరును లైన్‌మ్యాన్ మునెప్ప అందరి సమక్షంలో ఆపిన మధ్యాహ్నం, నాకు జబ్బు చేసిందని మొదటిసారి తెలిసింది.

దానికి ముందు జరిగినది చెప్పాలి. నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి తొంభైల చివర్లో ఉద్యోగ విరమణ చేశాను. త్రాసు ముల్లు ఏ మాత్రం పక్కకు వంగినా ఊరుకోని ఉద్యోగం అది. ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఊరుకోని స్వభావం నాది. విరమణ చేసిన మరుసటి ఏడాది ఒక ఉదయం కాఫీ తాగుతుండగా ఎడమ చెవిలో దూది కుక్కినట్టయింది. కొంతసేపటికి ఆ దూది వెనుకనుంచి, పాత ట్యూబులైటు చేసే గీమన్న శబ్దం వంటిది సన్నగా వినిపించసాగింది. లేచి ఇంట్లోని లైట్లన్నీ ఆపాను. మోత ఆగలేదు. వీధిలోకి వచ్చి వెతుక్కుంటూ వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడితే అక్కడా అదే మోత. దోషి దొరికాడని నిర్ణయించుకున్నాను.

ఆ రోజే విద్యుత్ శాఖకు అర్జీ రాశాను. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరొకటి రాశాను. దానికీ రాకపోతే పై అధికారికి రాసి, నకలు కలెక్టరు గారికి పంపాను. ఉదయం మోత ఎంత, సాయంత్రం ఎంత, వాన పడినప్పుడు ఎంత అన్న వివరాలతో ఒక పట్టిక జతపరిచాను. ఈ దేశంలో మూడో కాగితానికి గాని కదలిక రాదన్నది నా సర్వీసు అనుభవం. మూడో కాగితానికి మునెప్ప నిచ్చెనతో వచ్చాడు.

ఇనస్పెక్టరు సారుకు తృప్తి కలిగేదాకా రావద్దని అతనికి పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఊరికంతా చెప్పి కరెంటు తీశాడు. మిషను ఆగిన దర్జీ, మిల్లు ఆగిన పిండి మరాయన, ఫ్యాన్లు ఆగిన ఇళ్ళ ఆడవాళ్ళు అందరూ బయటికి వచ్చి నా ముఖం చూస్తున్నారు. వీధిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరుగను.

మునెప్ప నిచ్చెన దిగి, చేతులు దులుపుకొని అడిగాడు.

"ఆపేసినా సార్. ఇంగ సెప్పండి, మోత ఉండాదా?"

"ఉంది," అన్నాను.

అతను ఎగతాళి చేయలేదు. ట్రాన్స్‌ఫార్మరు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. "సార్, ఇప్పుడు ఈ వీధిలో యాడా కరెంటు లేదు. ఆ మోత మీకాడనే ఉండాది," అన్నాడు.

నా భార్య సరోజ గేటు దగ్గరనుంచి వచ్చి నా మోచేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది. ఇక్కడ ఒక విషయం నమోదు చేయడం నా ధర్మం: ఆ ట్రాన్స్‌ఫార్మరునుంచి నూనె కారుతున్నదని నా అర్జీ రెండో పేరాలో స్పష్టంగా రాశాను. మోత నాదైనా నూనె వారిదే. దాని సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

మరునాడు మదనపల్లెలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాము. ఆమె ట్యూనింగ్ ఫోర్క్ అనే ఉక్కు కొమ్మును తట్టి నా నుదుటి మీద ఆనించి, దాని నాదం ఏ చెవిలో వినిపిస్తోందని అడిగారు. తర్వాత ఒక గాజు గదిలో కూర్చోబెట్టి ఆడియోగ్రామ్ తీయించారు. చెవులకు తగిలించిన యంత్రం నా శ్రవణశక్తిని కొలుస్తుందని చెప్పగానే, ఆ యంత్రాన్ని చివరిసారి కాలిబ్రేట్ చేసిన ధ్రువపత్రం చూపమన్నాను. యంత్రం నడిపే అమ్మాయి డాక్టరమ్మ వైపు బిక్కమొహంతో చూసింది. డాక్టరమ్మ సొరుగులోంచి ధ్రువపత్రం తీసి నా ముందు పెట్టారు. గడువు లోపలే ఉంది. కొలిచే వస్తువు కొలతకు నిలవాలన్న నియమాన్ని పాటించే ఆస్పత్రి ఒకటి ఉన్నందుకు అభినందించాను.

ఫలితం చూసి ఆమె అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సార్, మిషను సరిగ్గానే ఉంది. చెవే సరిగ్గా లేదు."

ఎడమ చెవికి సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అనేది వచ్చిందని, ఆ మోతను టినిటస్ అంటారని చెప్పారు. వినే నరం ఉన్నట్టుండి దెబ్బతింటే, రాని శబ్దాన్ని మెదడు తనే పుట్టించుకుంటుందట. మొదటి వారంలోనే వచ్చి ఉంటే స్టెరాయిడ్స్‌తో వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేదన్నారు. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగారు. అర్జీలు రాశానని చెప్పాను. ఆమె నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగారు.

ఆలస్యమైనా ప్రయత్నించి చూద్దామని స్టెరాయిడ్ మాత్రలు రాసి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఆ కోర్సు ముగిసేసరికి లోతైన శబ్దాలు కొన్ని తిరిగి వచ్చాయి. బస్సు ఇంజను ఎడమ చెవికి వినబడేది గాని, సరోజ మాట వినబడేది కాదు. ఆమె గొంతు సన్నది. పెళ్ళైన నాటినుంచి నా ఎడమ పక్కనే కూర్చునే అలవాటు ఆమెది. నేను పలకకపోతే లక్ష్యపెట్టడం లేదని ఆమె అనుకునేది. ఆమె గట్టిగా మాట్లాడితే అరుస్తున్నదని నేను అనుకునేవాణ్ణి. మోత మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

అప్పుడు బి.కొత్తకోటనుంచి ఒక బంధువు చెవిలో వేసుకునే నూనె సీసా తెచ్చి ఇచ్చాడు. ఎంతమందికో తగ్గిందన్నాడు. ఆ సీసా మీద నికర పరిమాణం లేదు, తయారుచేసినవారి పేరు లేదు, తయారైన నెల లేదు. ఇవేవీ లేని సరుకును సర్వీసులో నేను నిలువునా జప్తు చేసేవాణ్ణి. అటువంటి నేను, ఆ మోత బాధకు, ఆ నూనెను చెవిలో పోయించుకున్నాను. రెండో రోజుకు చెవి వాచి దవడ తెరవలేకపోయాను. మళ్ళీ మదనపల్లె, మళ్ళీ డాక్టరమ్మ, ఈసారి యాంటీబయాటిక్స్. "చెవిలో ఏమీ పోయకండి, సార్. ఏమీ అంటే ఏమీ," అన్నారామె. పాఠకులు కూడా ఈ వాక్యాన్ని తమకు చెప్పినట్టుగానే భావించాలి.

వాపు తగ్గిన తర్వాత నేను నాకు తెలిసిన పద్ధతికి దిగాను. ఒక కాగితం మీద గడులు గీసి, పూటపూటకూ మోత తీవ్రతను నమోదు చేయసాగాను. ఏం తిన్నప్పుడు పెరిగింది, ఎటు తిరిగి పడుకుంటే తగ్గింది అన్నీ రాశాను. కారణం తేలితే నివారణ తేలుతుందని నా విశ్వాసం. ఆ కాగితాలు చూపిస్తే డాక్టరమ్మ ఓపికగా చదివి, అవి రాయడం మానమన్నారు. రాసే ప్రతిసారీ దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటున్నారని, మెదడు దాన్ని ముఖ్యమైన విషయంగా భావించి ఇంకా గట్టిగా వినిపిస్తుందని వివరించారు.

"ఇది పోతుందని నేను చెప్పను. దీనికి మీరు అలవాటు పడతారు. మేము హాబిట్యుయేషన్ అంటాం," అన్నారు.

నాకు మండిపోయింది. "అమ్మా, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తక్కువ తూచిన వర్తకుడి ముందు నిలబడి, కొనేవాళ్ళు అలవాటు పడతారులే అని నేను ఒక్కనాడూ అనలేదు," అని చెప్పి లేచాను.

ఆమె నొచ్చుకోలేదు. ఒక చెవిలోనే ఇలా ఉన్నప్పుడు అకూస్టిక్ న్యూరోమా అనే గడ్డ ఉండే అవకాశం చాలా అరుదుగా ఉంటుందని, లేదని తేల్చుకోవడానికి బెంగుళూరులో ఎమ్మారై తీయించుకోమని చీటీ రాసి ఇచ్చారు.

ఆ తర్వాతి వారాలు ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. పక్కింటి రేడియో మీద, కుళాయి మీద, పాలవాడి గంట మీద, అన్నిటి మీదా నేను విరుచుకుపడ్డాను. ఒక ఉదయం పొయ్యి మీద పోపు చిటపటలాడితే దాని మీద కూడా. సరోజ గరిట కింద పెట్టి, నా కుడి పక్కకు వచ్చి నిలబడి, ప్రతి అక్షరం నాకు వినబడేలా చెప్పింది.

"మీ చెవిలో మోత మీకొక్కరికే వినపడతాది. మీ నోట్లో మోత ఊరందరికీ వినపడతాండాది. నేను కుప్పానికి పోతాండా."

కుప్పంలో ఆమె అక్క జయమ్మ ఉంది. అక్కకు కంటి ఆపరేషను అయింది కాబట్టి సాయంగా పోతున్నట్టు వీధిలో చెప్పింది. కన్ను బాగయ్యాక కూడా రాలేదు. నేను ఉత్తరం రాస్తే, మోత తగ్గినాక రాయమని జవాబిచ్చింది. ఏ మోత అన్నది రాయలేదు.

ఒంటరి ఇంట్లో ఆ శబ్దం గదులన్నీ ఆక్రమించింది. చెవి పోయినందుకు నాకు అంత దిగులు కలగలేదు. మిగిలిన జీవితమంతా ఈ శబ్దమూ నేనూ ఇద్దరమే ఎదురెదురుగా కూర్చోవాలేమో అన్నదే నా భయం. బెంగుళూరు రైలు కుప్పంలోనే ఎక్కాలి కాబట్టి స్కాన్ చీటీ జేబులో పెట్టుకుని పలమనేరు మీదుగా బస్సులో కుప్పం చేరాను. సరోజ నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. బెంగుళూరుకు మాత్రం తోడు వచ్చింది.

ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టినప్పుడు చుట్టూ సమ్మెటలతో కొట్టినట్టు శబ్దం. చెవులకు దూది పెట్టినా లోపలికి దూరింది. నిజం చెప్పాలంటే, నెలల తర్వాత నా మోత వినబడని సమయం అదొక్కటే. బయటికి తీసుకురాగానే కొంత విచారపడ్డాను. గడ్డ ఏదీ లేదని రిపోర్టు వచ్చింది. రైలులో తిరిగి వస్తూ సరోజ ఆ కవరును ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది. ఆమె ఎంత భయపడిందో అప్పుడు గాని నాకు తెలియలేదు. అయినా కుప్పంలో దిగాక, పుంగనూరుకు తనిప్పుడే రానంది. నేను కూడా కదలకుండా అక్కడే ఉండిపోయాను.

జయమ్మ వదిన ఇంటి పక్కవాటాలో గ్రేసమ్మ గారు ఉండేవారు. క్రైస్తవ మిషనరీ ఆస్పత్రిలో చాలాకాలం మేట్రన్‌గా పనిచేసి విరమించారు. వీధి వీధంతా ఆమెను మేట్రనమ్మ అనేవారు, భయపడేవారు. మోకాళ్ళ నొప్పితో విసిగి ఒక ఏడాది ఎవరో చెబితే ఆమె తమిళనాడు కొండల మీద ఒక జెన్ ధ్యాన కేంద్రానికి వెళ్ళారట. అక్కడ నేర్పేది బుద్ధుని నాటినుంచి వస్తున్న పద్ధతి: కదలకుండా కూర్చోవడం, శ్వాసను గమనించడం, తర్వాత లేచి అదే ధ్యాసతో గిన్నె కడగడం. మోకాళ్ళు బాగుపడలేదు గాని ఆమె ఆ పద్ధతిని విడిచిపెట్టలేదు. సంఘ పెద్దలు వచ్చి, క్రైస్తవురాలివి ఇదేమిటని అడిగితే, ప్రభువు మాట వినాలంటే ముందు నేను నోరు మూయాల కదప్పా అని వారిని పంపివేశారని వదిన చెప్పింది.

ఆమె ముందుగదిలో ఉదయం పూట ఇద్దరు ముగ్గురు గోడకు ఎదురుగా కూర్చునేవారు. సరోజ కూడా వారిలో ఒకతె అని నాకు ఆ ఊరు వచ్చాకే తెలిసింది. నన్నూ రమ్మంది. గోడ చూడడానికి బస్సెక్కి ఇంత దూరం రావాలా, పుంగనూరులో గోడలు లేవా అన్నాను. "ఆడ గోడలకు మీ అర్జీలు అంటించి ఉండారు," అంది. వెళ్ళాను.

మేట్రనమ్మ కంబళి మడిచి పరిచి నన్ను కూర్చోబెట్టారు. నడుము నిటారుగా ఉంచమని, శ్వాస వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పదివరకు లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రమ్మని, మధ్యలో లెక్క తప్పితే చింతించక ఒకటితో మొదలుపెట్టమని చెప్పారు. గంట బదులు స్టీలు లోటాను గరిటతో ఒకసారి తట్టారు. ఆ నాదం మెల్లగా సన్నబడింది. అది ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు, ఎందుకంటే అదే శ్రుతిలో నా చెవి అందుకుంది.

కొన్ని రోజులు నియమం ప్రకారం కూర్చున్నాను. తర్వాత ఆమె ఎలా ఉందని అడిగితే, జేబులోంచి కాగితం తీసి, ఏ రోజు ఎన్ని ఆవృత్తులు దోషం లేకుండా పూర్తిచేశానో చదివి వినిపించాను. నానాటికీ వృద్ధి కనిపిస్తోందని కూడా చెప్పాను. వెనుకనుంచి సరోజ ఒకసారి దగ్గింది. మేట్రనమ్మ కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"బలే బాగుండాదప్పా. ఇంగ ఆ కాగితం మా కోళ్ళకు ఇయ్యండి. అవి సదువుకుంటాయి."

నాకు కోపం వచ్చింది. నేను వచ్చింది లెక్క నేర్చుకోవడానికి కాదని, ఈ శబ్దాన్ని ఆపడానికని, ఇన్ని రోజులు కూర్చున్నా అది ఆగలేదని గట్టిగా చెప్పాను. ఆపుతానని తను యాడన్నా చెప్పిందా అని ఆమె అడిగారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని బుద్ధుడు చెప్పిన రెండు బాణాల సంగతి చెప్పారు. ఒకడికి బాణం తగిలింది, నొప్పి పుట్టింది. అది ఒక బాణం. నాకే యాల తగలాల, ఎవడు వేశాడు, ఎప్పటికి పోతుంది అని కుమిలిపోవడం రెండోది. దాన్ని తనకు తానే వేసుకుంటాడు. మొదటిదానికి వైద్యుడు ఉన్నాడు. రెండోదానికి వేసేవాడే వైద్యుడు.

"ఆ మోత ఒకటే అయితే మీరు ఎప్పుడో నిద్రపోయుందురు," అన్నారామె. "దాని మీద మీరు వేసిన కేసు ఉండాది సూడండి, అది నిద్ర పోనీదు."

నేను వాదించడానికి నోరు తెరిచాను. ఆమె అడ్డుకుని, సర్వీసులో నేను ఏం పని చేసేవాణ్ణో చెప్పమన్నారు. త్రాసును పరీక్షించే విధానం చెప్పాను. రెండు తట్టలలో సరిసమానమైన రాళ్ళు ఉంచి వదలాలి. త్రాసు కాడ పైకీ కిందికీ ఊగుతుంది. దుకాణదారు తొందరపడి ముల్లును వేలితో ఆపబోతాడు. నేను చేతులు వెనుకకు కట్టుకుని నిలబడి, అతన్నీ చేయి తియ్యమనేవాణ్ణి. పట్టుకున్న త్రాసు తూచదు. ఊగనివ్వాలి. దానంతట అదే నిలుస్తుంది. నిలిచాకే దోషం ఉందో లేదో తెలుస్తుంది.

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను.

మేట్రనమ్మ నూకల చేట అందుకున్నారు. "మీ పని మీకు బాగా తెలుసప్పా," అని లేచి, కోళ్ళకు నూకలు వేయడానికి వెళ్ళిపోయారు.

మరునాటినుంచి నేను గోడ ముందు వేరేగా కూర్చున్నాను. మోత వచ్చింది, రానిచ్చాను. దాని మీద కోపం వచ్చింది, దాన్నీ ఊగనిచ్చాను. ఏ వేలూ పెట్టలేదు. అది ఆగిందని రాస్తే అబద్ధమవుతుంది. కాని ఊగడం తగ్గింది.

అసలు సంగతి మాత్రం గోడ ముందు జరగలేదు. వంటింటి గడపలో, అనపగింజల ముందు జరిగింది. చలికాలం మా ప్రాంతంలో అనపకాయలు విరివిగా వస్తాయి. గింజలను నానబెట్టి, ఒక్కొక్కటీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తితే తోలు వేళ్ళలో ఉండిపోయి పప్పు జారి పడుతుంది. దాన్నే పితికిపప్పు అంటారు. పులుసు అద్భుతంగా ఉంటుంది గాని, పదిమందికి సరిపడా పితకాలంటే ఇల్లంతా కూర్చోవాలి. ఒకనాడు వదిన పెద్ద గిన్నెడు గింజలు ముందు పెట్టింది. మేట్రనమ్మను కూడా పిలిచింది. కూర్చోవడమంటే ఇదేనని, గోడ లేకపోయినా పరవాలేదని ఆమె నన్ను సరోజ పక్కకు తోశారు. స్థలం లేక నేను సరోజకు ఎడమ వైపున కూర్చోవలసి వచ్చింది. పెళ్ళైన తర్వాత ఆ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

మొదట్లో నేను గింజను నలిపేశాను. రెండోదాన్ని ఇంకా గట్టిగా ఒత్తితే పప్పు ఎగిరి మేట్రనమ్మ కళ్ళద్దానికి తగిలింది.

"అది మీకు అర్జీ ఏమన్నా ఇచ్చిందా, అప్పా?" అన్నారామె. "మెల్లిగా. తోలు పోతాననే అంటాండాది. మీరు దోవ ఇస్తే చాలు."

మెల్లిగా ఒత్తాను. జారింది. ఇంకొకటి. సరోజ తన అక్కతో చిన్ననాటి ముచ్చటేదో చెబుతోంది. బడికి పోయే దోవలో తోటలోకి దూరి మామిడికాయలు కోయడం, కాపలావాడు తరిమితే జయమ్మ తన ఒక్క చెప్పు వదిలి పరుగెత్తడం, ఆ చెప్పును కాపలావాడు మర్యాదగా ఇంటికే తెచ్చివ్వడం. ఆ కథ నేను ఎప్పుడూ వినలేదు. ఎన్నోసార్లు నా ఎడమ చెవి పక్కన చెప్పి ఉంటుంది. ఇప్పుడు కుడి చెవిలోకి ప్రతి మాటా తేటగా పడుతోంది. నవ్వాను. తర్వాత ఏమైందని అడిగాను. ఆమె చెప్పింది. మళ్ళీ అడిగాను. గిన్నెలో గింజలు తగ్గుతున్నాయి, పప్పు పెరుగుతోంది. దూరంగా రైలు ఒకటి వెళ్ళింది. ఎండ గడప దాటి వెళ్ళింది.

గిన్నె ఖాళీ అయినప్పుడు సరోజ చేతులు కడుక్కుంటూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"మోత ఉండాదా?"

ఆమె అడిగిన క్షణంలోనే అది వచ్చి కూర్చుంది. అంతవరకూ ఎక్కడ ఉందో నాకు తెలియదు. అక్కడే ఉండి ఉంటుంది. నేను దాని దగ్గర లేను.

"ఇప్పుడే వచ్చింది," అన్నాను. "నువ్వు పిలిస్తే వచ్చింది."

అందరికంటే ముందు మేట్రనమ్మ నవ్వారు. తర్వాత నలుగురమూ నవ్వాము. నవ్వినంతసేపూ మోత ఉంది, నవ్వూ ఉంది. ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఆ సాయంత్రం సరోజ తన సంచి సర్దుకోవడం చూశాను. ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని, చేతులు వెనుకకు కట్టుకుని నిలబడ్డాను.

పుంగనూరుకు వచ్చాక అంతా సవ్యంగా సాగిందని చెప్పడం సరికాదు. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం తలంటు పోసుకుని లేవగానే కుడి చెవి మూసుకుపోయింది. నాకున్న ఒక్క మంచి చెవి అది. సరోజ పెదవులు కదులుతున్నాయి, మాట దూరంనుంచి వస్తోంది. ఈసారి ఎవరికీ అర్జీ రాయలేదు. వెంటనే మదనపల్లె బస్సెక్కాము. దారిలో నా మనసు ఎన్ని బాణాలు వేసుకుందో లెక్కలేదు. కొంత దూరం పోయాక, వేస్తున్న చేయి నాదేనని జ్ఞాపకం వచ్చింది. సీటులోనే నడుము నిటారుగా పెట్టి శ్వాసను ఒకటినుంచి మొదలుపెట్టాను. భయం పోలేదు. బస్సులో మా ఇద్దరితోపాటు అది కూడా కూర్చుంది, అంతే.

డాక్టరమ్మ దీపం వేసి చెవిలోకి చూసి, సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొట్టారు. చెప్పుకోదగిన పరిమాణంలో ఒక ఉండ బయటపడింది.

"గుబిలి, సార్," అన్నారు. "కాలిబ్రేషన్ సరిపోయింది."

మోత నేటికీ ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా, తలచుకున్నాను గనక, వినిపిస్తోంది. ఉదయం కాసేపు గోడ ముందు కూర్చుంటాను. ఆ గోడకు మొదట క్యాలెండరు ఉండేది. తిథులు చదువుతున్నానని గ్రహించి సరోజ దాన్ని వంటింట్లోకి మార్చింది. కాఫీ తాగిన లోటా నేనే కడుగుతాను, కడుగుతున్నంతసేపు లోటానే కడుగుతాను. నిశ్శబ్దంగా ఉండే గదిలో మోత ఎక్కువనిపిస్తుంది కాబట్టి పడుకునేచోట ఫ్యానో గడియారమో వినబడేలా పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పారు. అది బాగా పనిచేసింది. మోతను గురించిన పట్టిక మళ్ళీ రాయలేదు. వానలు, కుళాయి వచ్చే వేళలు, బస్సుల ఆలస్యం యథాప్రకారం రాస్తున్నాను. అర్జీలు కూడా రాస్తున్నాను. ఒకటే తేడా: రాసిన రోజే పోస్టు చేయను. ఒక పూట ఊగనిస్తాను. నిలిచాక చూస్తే కొన్ని చింపేయదగ్గవిగా తేలాయి. అధికభాగం పోస్టు చేయదగ్గవే.

ఇంట్లో, బస్సులో, పెళ్ళి పందిట్లో సరోజ నాకు కుడి పక్కన కూర్చుంటుంది. ఫొటోగ్రాఫర్లు ఎడమకు రమ్మంటే రాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా వీధి ట్రాన్స్‌ఫార్మరు మార్చారు. కారిన నూనె గురించి నేను మొదట రాసిన నాటినుంచి అంతకాలం పట్టింది. దీనిమీద నా అభిప్రాయం మరొకచోట రాతపూర్వకంగా ఉంది. బిగించిన రోజు మునెప్ప మా గేటు ముందు ఆగి పిలిచాడు.

"సార్, కొత్తది ఏసినాం. దీనికి మోతే లేదు. మీదెట్లుండాది?"

"పాతదే, మునెప్పా. బాగానే నడుస్తోంది," అన్నాను.

నాలాంటి వ్యాధి వచ్చిన పాఠకులకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉన్నట్టుండి ఎక్కడినుంచో మోత వినిపిస్తే, ఎవరినీ ఏమీ అనకముందు, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని కాసేపు కదలకుండా నిలబడండి. మోత ఆగిపోతే అది బయటిది. నిశ్చింతగా అర్జీ రాయండి, నకలు దాచుకోండి. ఆగకపోతే అది మీది. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.